పెళ్లిరోజుకు మర్డర్ మిస్టరీ: అప్పు చేయాలా, ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. మాది నెల్లూరు. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో నా ఒక్కడి సంపాదనే. చేతికి 1,42,000 రూపాయలు వస్తాయి. ఇంటి రుణం ఈఎంఐ 51,000తో కలిపి నెల ఖర్చు 98,000. ఆరేళ్ల పాప చదువు కోసం 15,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే పెట్టుబడి) కడుతున్నాము. నెలాఖరుకు పది వేలు మిగులుతాయి. బ్యాంకులో 1,80,000 ఎఫ్‌డీ (ఫిక్స్‌డ్ డిపాజిట్) ఉంది. ఫిబ్రవరిలో మా పదో పెళ్లిరోజు. నా భార్యకు డిటెక్టివ్ కథలంటే ప్రాణం కాబట్టి 30 మందిని పిలిచి మర్డర్ మిస్టరీ పార్టీ, అంటే కల్పిత హత్య కథలో హంతకుడెవరో అతిథులు కనిపెట్టే ఆట, పెట్టాలనుకుంటున్నాను. ఒక ఈవెంట్ సంస్థ 1,65,000 అవుతుందని కొటేషన్ పంపింది, దాన్ని జతచేశాను. మా అపార్ట్‌మెంట్ పార్టీ హాలు అయితే 6,000. క్రెడిట్ కార్డు మీద 16 శాతం వడ్డీకి ఏడాది ఈఎంఐ పెట్టుకుని అన్నాళ్లూ సిప్ ఆపమంటారా, లేక ఎఫ్‌డీ తీసేయమంటారా? పదేళ్లలో మాకంటూ ఒక్క వేడుకా చేసుకోలేదు.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది చివరి వాక్యం. పదేళ్లుగా ఈఎంఐలు, ఫీజులు కట్టుకుంటూ వచ్చిన ఇద్దరు ఒక సాయంత్రం తమకోసం ఖర్చు పెట్టుకోవాలనుకోవడం దుబారా కాదు. ఈ వేడుక మీరు చేసుకోవాలి. అయితే మీరడిగిన రెండు దారుల్లో ఏదీ వద్దని చెబుతాను. మూడో దారి మీ లెక్కల్లోనే ఉంది.

ముందుగా మీరు జతచేసిన కొటేషన్ చివరి పంక్తి మరొకసారి చదవండి. చిన్న అక్షరాలతో 'పన్నులు అదనం' అని ఉంది. ఈవెంట్ నిర్వహణ సేవలపై జీఎస్టీ 18 శాతం. అంటే మరో 29,700 చేరి బిల్లు 1,94,700 అవుతుంది. మీ ఎఫ్‌డీ మొత్తం తీసినా అది చాలదు. ఈఎంఐ దారి చూస్తే, 16 శాతం వడ్డీకి నెలకు సుమారు 17,665 రూపాయలు పన్నెండు నెలలు కట్టాలి. వడ్డీ దాదాపు 17,280, ఆ వడ్డీ మీద జీఎస్టీ మరో 3,110, ప్రాసెసింగ్ రుసుము వేరు. సిప్ ఆపితే మిగిలేది 15,000 మాత్రమే కనుక, అది ఆపినా ఈ వాయిదాకు ప్రతి నెలా రెండు వేల ఆరు వందలకు పైగా తక్కువ పడుతుంది. ఏదో ఒక నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే, మిగిలిన బాకీ మీద పడే వడ్డీ చాలా కార్డుల్లో నెలకు మూడు శాతం దాటుతుంది.

ఆపిన సిప్ విలువ కూడా చూడండి. ఏడాదికి 1,80,000 రూపాయలు మీ పాపకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా, అంటే మరో పన్నెండేళ్లు, సంవత్సరానికి పది శాతం చొప్పున పెరుగుతుందనుకుంటే సుమారు 5,65,000 అవుతుంది. ఆ రాబడికి ఎవరూ హామీ ఇవ్వలేరు, కానీ మీరు వదులుకునేది ఎంతో అంచనా వేయడానికి ఆ లెక్క చాలు. ఇక ఎఫ్‌డీ విషయానికొస్తే, గడువుకు ముందే తీసినందుకు బ్యాంకు కోసే అర శాతమో, ఒక శాతమో నన్ను కలవరపెట్టడం లేదు. మీది ఒక్క జీతం మీద నడిచే ఇల్లు. నెలకు 98,000 ఖర్చు ఉన్న ఆ ఇంటికి అత్యవసర నిధిగా కనీసం ఆరు నెలల మొత్తం, అంటే 5,88,000 ఉండాల్సిన చోట, మీ దగ్గర ఉన్నది రెండు నెలలకైనా చాలని 1,80,000. దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు మూడో దారి. జీతం 1,42,000లో ఖర్చు 98,000, సిప్ 15,000 పోగా 29,000 మిగలాలి. మీకు మిగులుతున్నది పది వేలు. మిగతా 19,000 ఎటు పోతోందో మీ ఉత్తరంలో లేదు. బహుశా మీకూ స్పష్టంగా తెలియదు. క్యాబ్‌లు, శని ఆదివారాల్లో బయటి భోజనాలు, ఫోన్‌లో ఆర్డర్లు అయి ఉంటాయి. ఇప్పుడు అక్టోబరు, ఫిబ్రవరిలోగా నాలుగు జీతాలు వస్తాయి. జీతం పడిన రోజునే 11,000 వేరే ఖాతాకు మళ్లించండి, 44,000 అవుతుంది. మిగులుతున్న పది వేలు మాత్రం అత్యవసర నిధికే చేరాలి.

44,000తో ఈ పార్టీ అవుతుందా అంటే, అవుతుంది. నిజానికి కొటేషన్‌లో ఉన్నదానికంటే మెరుగ్గా అవుతుంది. మామూలు విందులో మనిషి పెరిగితే ఒక విస్తరి పెరుగుతుంది. ఈ ఆటలో మనిషి పెరిగితే ఒక పాత్ర పెరగాలి, దానికో రహస్యం, ఒక ఆధారం, మాట్లాడే సమయం కావాలి. పదీ పన్నెండు మందికి మించితే మిగిలినవాళ్లు గోడవారన నిలబడి ఫోన్లు చూసుకుంటారు. మీ కొటేషన్‌లో అయిదుగురు నటులకు 35,000 ఉంది. ఈ ఆటలో నటించాల్సింది అతిథులే; డబ్బిచ్చి నటులను తెస్తే వచ్చినవాళ్లు ప్రేక్షకులవుతారు. ఆ పంక్తి మొత్తం కొట్టేయండి.

రెండేళ్ల కిందట మారతహళ్లిలో మా బంధువుల ఇంట్లో ఇలాంటి ఆట ఆడాము. జమీందారు బంగ్లాలో హత్య, కనిపించని వీలునామా. వంటమనిషి పాత్ర మా పిన్నికి వచ్చింది. అరవై దాటిన ఆమె, చిరిగిన బస్సు టికెట్టు ముక్కను కొంగు ముడిలో కట్టుకుని, రెండు గంటల పాటు ఎవరు ఎంత గుచ్చి అడిగినా 'నాకేం తెలుసు బాబూ, పులుసు మరుగుతుంటే పొయ్యి దగ్గరే ఉన్నాను' అంటూ కూర్చుంది. ఆ టికెట్టు బయటపడినప్పుడు గది గదంతా ఘొల్లుమంది. ఆ ముక్కకు అయిన ఖర్చు ఏమీ లేదు. డబ్బు ఎక్కడ పెట్టాలో నేను ఆ రోజే నేర్చుకున్నాను.

కాబట్టి పన్నెండు మందికి మించి పిలవకండి. మీ అపార్ట్‌మెంట్ పార్టీ హాలు 6,000 అని రాశారు, అదే తీసుకోండి. పిల్లలతో కలిపి పదహారు మందికి మనిషికి ఆరు వందల చొప్పున ఆంధ్ర మెస్ నుంచి భోజనం తెప్పిస్తే 9,600. కథకు 2,500 కేటాయించండి; రెడీమేడ్ కథలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి, పేర్లూ ఊళ్లూ మార్చి మన జమీందారు బంగ్లాగా తిరగరాయడం మీరే చేయగలరు. పాత్రలు, ఆధారాలు పెట్టి సీల్ చేసే కవర్లు, పాతకాలం ఉత్తరంలా కనిపించే కాగితం, ముద్రణ అవెన్యూ రోడ్డులో 2,000కు సరిపెట్టవచ్చు. బీరువాలో ఉన్న పెళ్లినాటి పట్టుచీరలు, పంచెలే వేషాలు. తలపాగాలకు, చేతికర్రకు, కళ్లజోళ్లకు నాలుగు వేలు చాలు. పూలకు, దీపాలకు అయిదు వేలు, హంతకుణ్ణి పట్టుకున్నవారికి బహుమతి 1,500, పిల్లలను వేరే గదిలో చూసుకునే మనిషికి 1,500. మొత్తం 32,100. మిగిలిన 11,900లో నాలుగు వేలు అనుకోని ఖర్చుకు ఉంచి, తక్కినది మీ శ్రీమతికి చీరకు వాడండి.

బడ్జెట్‌తో ముడిపడిన చిక్కు ఒకటి ఉంది. ఇక్కడ ఒక్కరు రాకపోతే భోజనం మిగలడంతో సరిపోదు, కథే ఆగిపోవచ్చు. హంతకుడి పాత్రను, కీలకమైన సాక్షి పాత్రను తప్పకుండా వచ్చే దగ్గరివాళ్లకే ఇవ్వండి. ట్రాఫిక్‌లో చిక్కుకునే అవకాశమున్న స్నేహితులకు, లేకపోయినా కథ సాగే పాత్రలు ఇవ్వండి. కవర్లు సర్దే పని మీరు చేస్తే హంతకుడెవరో మీకు ముందే తెలిసిపోతుంది కనుక సూత్రధారిగా ఉండండి, ఆట మీ శ్రీమతికి వదలండి. పెద్దవాళ్లు కూడా వస్తుంటే, పెళ్లిరోజున చావు మాట వారికి నొప్పి కలిగించవచ్చు. చనిపోయేది ఎప్పుడో కాలంలోని జమీందారు కావాలి తప్ప ఆ గదిలో ఉన్నవారెవరూ కాకూడదు. అదీ నచ్చకపోతే హత్య తీసేసి వడ్డాణం పోయిందని పెట్టండి, ఆట రక్తి తగ్గదు. రాత్రి 10 తర్వాత మూసి ఉన్న హాళ్లలో తప్ప లౌడ్ స్పీకర్ వాడకూడదని నిబంధన ఉంది, పక్క ఇళ్లవాళ్లకూ ఇబ్బంది ఉండకూడదు కనుక సాయంత్రం అయిదింటికే మొదలుపెట్టండి.

అడ్వాన్సు ఇచ్చేచోట, వద్దనుకుంటే ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. నేను ఒకసారి నోటిమాట నమ్మి ఒక హాలుకు పదిహేను వేలు కట్టాను. తేదీ మారినప్పుడు రూపాయి కూడా తిరిగి రాలేదు.

జనవరి జీతం నాటికి 44,000 పోగవకుండా 33,000 దగ్గరే ఆగితే, చీర సొమ్మును, పూల ఖర్చును తగ్గించండి, భోజనాన్ని కాదు. కార్డు మాత్రం తీయకండి.