అడగని ప్యాకేజీలు ఎందుకు దిగుతున్నాయి?

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్ వాడుతున్నాను. చిన్న ప్రోగ్రాం ఒకటి ఇన్‌స్టాల్ చేయబోతే ఇంకో ముప్పై ప్యాకేజీలు దింపుతానంటోంది. డిస్కులో అంత చోటు లేదు. ఏవి కావాలో నేనే ఎంచుకునే వీలు లేదా?

జవాబు: ఉందండీ. ఆ ముప్పైలో అన్నీ తప్పనిసరి అయ్యుండవు. డెబియన్‌లో ప్రతి ప్యాకేజీ తనకు కావలసిన మిగతా ప్యాకేజీలను రకాలుగా విడదీసి చెబుతుంది. డిపెండ్స్ అన్నవి లేకపోతే ప్రోగ్రాం నడవదు, వాటి జోలికి వెళ్లకండి. సజెస్ట్స్ అన్నవి ఉంటే మంచిదే, లేకపోయినా పర్లేదు. చిక్కంతా రికమెండ్స్‌తోనే, అంటే మామూలుగా వాడేవాళ్లలో దాదాపు అందరికీ పనికొస్తాయని ప్యాకేజీ చేసినవాళ్లు అనుకున్నవి, 2009లో వచ్చిన లెన్నీ అనే డెబియన్ వెర్షన్ నుంచి, ప్యాకేజీలు దింపే ఆప్ట్ అనే ప్రోగ్రాం వీటిని కూడా తనంతట తానే దింపేస్తోంది.

ఇన్‌స్టాల్ కమాండ్‌కి నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్ అనే ఆప్షన్‌ని ముందు రెండు గీతలు పెట్టి తగిలించండి. అప్పుడు వదిలేస్తున్న రికమెండ్స్ పేర్లన్నీ తెరమీద చూపిస్తుంది, అందులో మీకు పనికొచ్చేవి చూసుకుని అదే కమాండ్ చివర వాటి పేర్లు చేర్చి మళ్లీ నడపండి.

చాలామంది విసిగిపోయి సెట్టింగుల్లో రికమెండ్స్‌ని మొత్తానికే ఆపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. నెట్ నుంచి ఫైళ్లు దింపే వీగెట్‌నే చూడండి, సైట్ల సర్టిఫికెట్లను సరిచూసే సీఏ-సర్టిఫికెట్స్ ప్యాకేజీ దానికి రికమెండ్స్‌లోనే ఉంటుంది, అది లేని మెషీన్‌లో హెచ్‌టీటీపీఎస్ లింకు ఏది ఇచ్చినా సర్టిఫికెట్ ఎర్రర్ వస్తుంది, తప్పు ఎక్కడుందో తెలియక గంటలు పోతాయి.

నా బాధల్లా ఒకటే, ఏ ప్యాకేజీ ఎందుకో ఆప్ట్ అక్కడ చెప్పదు. ఆర్చ్ అనే ఇంకో లినక్స్‌లో ఆప్ట్ లాంటి ప్యాక్‌మ్యాన్ ఐచ్ఛికమైనవాటిని దింపకుండా పేరు పక్కనే అది ఏ పనికో ఒక్క ముక్కలో చూపిస్తుంది. ఎంచుకోమన్నప్పుడు ఆ మాత్రం సమాచారం ఇవ్వాలి కదా! ఆప్ట్‌లో మాత్రం షో కమాండ్‌తో ఒక్కో ప్యాకేజీ వివరణ మీరే చదువుకోవాలి. ఓపిక కావాలి, కానీ చదవండి.

ఇప్పటికే దిగిపోయిన రికమెండ్స్ అక్కర్లేనివాటిని తీసేసే ఆటోరిమూవ్ కమాండ్‌తో పోవు, వాటిని అడిగిన ప్రోగ్రాం ఉన్నంతకాలం ఆప్ట్ వాటిని అవసరమైనవిగానే లెక్కేస్తుంది. పేరు ఇచ్చి ఒక్కొక్కటే తీయండి. వై నొక్కే ముందు, తీసేస్తానంటున్న జాబితాలో మీ ప్రోగ్రాం పేరు కూడా కనిపిస్తే ఆగిపోండి, మీరు తీయబోతున్నది డిపెండ్స్‌లోదన్నమాట.