పెట్ డాక్టర్‌ని అడగండి: చిలక తోక ఊగుతుంటే తప్పు వానదేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా కాకటీల్‌కి (తల మీద జుట్టుండే చిన్న రకం చిలక) మూడేళ్లు. వానలు మొదలైన దగ్గర్నుంచి తుమ్ముతోంది, ఊరికే కూర్చున్నా తోక పైకీ కిందికీ ఊగుతోంది. చలి పట్టిందేమోనని, వెచ్చగా ఉంటుందని కేజ్ వంటింట్లో పెట్టాం. పిల్లల జలుబు సిరప్ ఒక్క చుక్క వేయొచ్చా?

జవాబు: ముందు కేజ్‌ని వంటింట్లోంచి తీసేయండమ్మా, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. సిరప్ అస్సలు వద్దు. వంద గ్రాములకి అటూ ఇటూ ఉండే పిట్టకి ఆ చుక్కే పెద్ద డోసు.

రోజుకి ఒకటో రెండో తుమ్ములు ఏ చిలకకైనా మామూలే, కాకటీల్ ఈకల్లోంచి రాలే పౌడరుకి కూడా వస్తాయి. నాకు భయం వేసేది ఆ తోక గురించే. ఎగిరొచ్చాక కాసేపు ఊగితే పర్లేదు గానీ కదలకుండా కూర్చున్నప్పుడు ఊపిరి తీసిన ప్రతిసారీ ఊగుతోందంటే గాలి కోసం కష్టపడుతోందనే. పక్షులు జబ్బుని చివరిదాకా దాచేస్తాయి, మనకి కనపడేసరికి లోపల ముదిరిపోయి ఉంటుంది, అందుకని రేపూ ఎల్లుండీ అనకుండా ఇవాళే పక్షులు చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్లండి.

వంటిల్లు ఎందుకు వద్దన్నానంటే, పక్షులకి మనలా డయాఫ్రమ్ (ఊపిరి ఆడించే కండరం) ఉండదు, ఊపిరితిత్తులు ఉబ్బవు, వాటికి కలిసి ఉండే గాలి సంచులే (చాలా పక్షుల్లో తొమ్మిది) గాలిని నెడతాయి, పీల్చినా వదిలినా ఊపిరితిత్తుల్లోంచి గాలి ఒకే దిక్కుగా పోతూనే ఉంటుంది. ఎగరాలంటే అంత ఆక్సిజన్ కావాలి మరి. కానీ ఆక్సిజన్‌ని అంత బాగా లాగే ఊపిరి విషాన్నీ అంతే బాగా లాగేస్తుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1986లో మానేయాలని నిర్ణయించేదాకా కెనరీ పిట్టల్ని లోపలికి పట్టుకెళ్లింది ఇందుకే, కార్బన్ మోనాక్సైడ్ ఉంటే మనుషులకంటే ముందు అవి పడిపోయేవి.

ఇంట్లో అసలు ప్రమాదం నాన్‌స్టిక్ పాన్. ఖాళీగా స్టవ్ మీద మర్చిపోయి 260 డిగ్రీలు దాటిందంటే ఆ పూత విడిపోయి గ్యాస్ వస్తుంది, మనకైతే జ్వరం, ఒళ్లునొప్పులతో సరిపోవచ్చు, చిలక మాత్రం పక్కగదిలో ఉన్నా నిమిషాల్లో ప్రాణాలు పోవచ్చు. కొన్ని ఎయిర్ ఫ్రయ్యర్లకి, ఇస్త్రీ పెట్టెలకి, హీటర్లకి కూడా ఇదే పూత. వాతావరణం మారి ఉన్నట్టుండి చనిపోయింది అని ఎవరైనా వస్తే నేను మొదట అడిగేది వాన గురించి కాదు, ఆ పూట స్టవ్ మీద ఏముంది అని! దోమల కాయిల్, సిగరెట్, రూమ్ స్ప్రే, సెంటు కొవ్వొత్తి, ఇవన్నీ కూడా వద్దు.

అలాగని వాన తప్పేమీ లేదనను. చలికంటే తేమతోనే ఎక్కువ చిక్కు, గింజలకీ కేజ్ అడుగున వేసిన పేపరుకీ బూజు పడుతుంది, ఆ బూజులో ఆస్పర్‌జిల్లస్ అనే రకం ఉంటే గాలి సంచుల్లో చేరి కూర్చుంటుంది. ఉత్త గింజలే తినే చిలకకి విటమిన్ ఏ తక్కువై ముక్కు, గొంతు లోపలి పొర బలహీనపడుతుంది, ఆపైన ఏది వచ్చినా తట్టుకోలేదు. క్యారెట్, ఆకుకూరలు అలవాటు చేయండి. ఇంకోటి, ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడిదగ్గు ఉంటే మీ డాక్టర్‌కి చిలక ఉందని తప్పకుండా చెప్పండి, సిట్టకోసిస్ అనే జబ్బు చిలకల నుంచి మనుషులకి వస్తుంది.

ప్రశ్న: ఏక్యూఐ (గాలి కాలుష్యాన్ని చెప్పే అంకె) బాగా పెరిగిన రోజు చిలకని బాల్కనీలో ఉంచొచ్చా? ప్యూరిఫైయర్ కొనాలా?

జవాబు: ఉంచొద్దు. ఆ అంకెలు మనుషుల కోసం వేసినవి, మాస్క్ వేసుకోవాలేమో అని మీకు అనిపించిన రోజు దాన్ని లోపలే ఉంచండి. ప్యూరిఫైయర్ కొంటే హెపా ఫిల్టర్‌ది చాలు, ఓజోన్ వదిలేవి, అయొనైజర్ ఉన్నవి తేవద్దు. హెపా దుమ్ముని పడుతుంది గానీ నాన్‌స్టిక్ గ్యాస్‌ని ఆపదు, అది ఉందని ధైర్యం చేయకండి.

ప్రశ్న: ఎండలో పెడితే నోరు తెరిచి రొప్పుతోంది. ఏసీ గదిలో పెట్టొచ్చా?

జవాబు: పక్షులకి చెమట పట్టదు. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టిందంటే వేడికి తట్టుకోలేకపోతోందన్నమాట. వెంటనే నీడలోకి తెచ్చి కాళ్ల మీద, రెక్కల కింద మామూలు నీళ్లు చల్లండి, ఐసు నీళ్లు వద్దు, తాగడానికి నీళ్లు దగ్గర పెట్టండి. ఏసీ ఫర్వాలేదు, 25 దగ్గర ఉంచి గాలి నేరుగా కేజ్ మీదకి కొట్టకుండా చూడండి. అరగంటలో రొప్పడం తగ్గకపోయినా, కొమ్మ మీద నిలబడలేక తూలుతున్నా వెట్‌కి ఫోన్ చేసి బయల్దేరండి.