నల్ల కాగితం కట్టిన చోట కూడా ఆకు నీలి నలుపైతే

మాస్టారూ, ఆకు పిండిపదార్థం తయారు చేసుకోవడానికి వెలుతురు కావాలని చూపే ప్రయోగం కుదరలేదని అడిగారు. పిండిపదార్థం ఉన్న చోటే అయోడిన్ నీలి నలుపు అవుతుంది, కాబట్టి కాగితం కింది భాగం కూడా అలా అయిందంటే తప్పు అయోడిన్‌ది కాదు. మీరు కాగితం కట్టేసరికే ఆకులో పిండిపదార్థం ఉంది, అంతకుముందు ఎండలో తయారైన సరుకది.

అందరూ దాటేసేది ఇక్కడే: ఆ పాత సరుకు ఖర్చైపోవడానికి మొక్కని ముందు కనీసం 48 గంటలు చీకట్లో ఉంచాలి. పలాస దగ్గర బడి, ఆవరణలో జీడిమామిడి చెట్టు మీదే చేశామన్నారు. చెట్టుని గదిలో పెట్టలేం కదా, పైగా ఆ దళసరి ఆకు రంగు వదలడానికి సతాయిస్తుంది. కుండీలో మందార తీసుకోండి.

1. కుండీని సామాన్ల గదిలో పెట్టి కిటికీ సందులు కూడా మూసేయండి. నీళ్లు మాత్రం పోయండి.
2. రెండు రోజులయ్యాక వెంటనే కాగితం కట్టేయకండి. అదే మొక్క ఆకు ఒకటి తెంపి కింద 4, 5లో చెప్పినట్టు పరీక్షించండి, అయోడిన్ గోధుమ పసుపు రంగులోనే ఉండిపోతే చీకటి పని చేసినట్టు, ఏ మూలైనా నీలం తేలితే ఇంకో రోజు ఆగాల్సిందే.
3. కాగితం ఆకుకి రెండు వైపులా రావాలి, క్లిప్పు పెట్టి 5-6 గంటలు ఎండలో ఉంచండి. ముసురు రోజు వద్దు.
4. ఆకుని మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి, తర్వాత స్పిరిట్‌లో వేయండి. స్పిరిట్ నాళికని వేడినీళ్ల బీకరులోనే పెట్టాలి, అదీ దీపం ఆర్పేశాకే. నేరుగా మంట మీద పెడితే భగ్గుమంటుంది, పిల్లలేమో మీదకొచ్చి చూస్తుంటారు.
5. తెల్లబడిన ఆకు పెళుసుగా ఉంటుంది. వేడినీళ్లలో ముంచి మెత్తబడ్డాక పరిచి అయోడిన్ వేయండి.