టర్కీ పిల్లలు దిగే ముందు

చిరంజీవి సుధీర్‌కు,

పెద్దమ్మ దీవెనలు. క్రిస్మస్ విందుకు ఇంట్లో పెంచిన టర్కీ కోడినే కోయాలని పట్టుబట్టావని మీ అమ్మ చెప్పింది. పెట్ట కోతకు రావాలంటే 16 వారాలు, పుంజుకు 20 వారాలు కావాలి. కాబట్టి ఆగస్టు మొదటి వారానికల్లా పిల్లలు ఇంట్లో ఉండాలి. నన్నడిగితే సెప్టెంబరులో నెల పిల్లలను కొనమనేదాన్ని. ధర ఎక్కువైనా సగం గండం అమ్మినవాడే దాటించి ఇస్తాడు. నువ్వు అప్పుడే రోజు పిల్లలకు బయానా ఇచ్చేశావట. సరే, విను.

తొలి పది రోజుల్లో టర్కీ పిల్లలు చచ్చేది ఎక్కువగా ఆకలితోనే, అదీ దాణా ఎదురుగా పెట్టుకుని! వాటికి చూపు సరిగా ఆనదు, తిండి ఏదో తెలియదు. నీళ్ల పళ్లెంలో రంగురంగుల గోలీలు వెయ్యి. మెరుపు చూసి పొడుస్తాయి, ముక్కు తడిసి తాగడం వస్తుంది, నీళ్లలో పడి మునగవు కూడా. దాణా మీద సన్నగా తరిగిన తోటకూర, చిదిమిన ఉడికిన గుడ్డు చల్లు. పళ్లెం అంచు మీద వేలితో టకటకలాడించు. రాత్రి పడుకునే ముందు ఒక్కొక్క పిల్లనూ చేతిలోకి తీసుకుని మెడ కింది సంచి తడిమి చూడు. ఖాళీగా తగిలితే నువ్వే తినిపించు. విసుగు పనే, కానీ దీనికి అడ్డదారి లేదు.

కింద పోసిన ఊక మీద మొదటి వారం గోనెపట్టా పరుచు, లేకపోతే ఊకే తింటాయి. నున్నటి కాగితం వేస్తే కాళ్లు జారి విడిపోతాయి. బల్బు వేడి మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి తగ్గించు. మామూలు కోళ్ల దాణా చాలదు, వీటికి 28 శాతం మాంసకృత్తులు కావాలి. సోయా పిండి, ఎండు చేపల పొడి కలపాలి.

కోడిపిల్లను తోడు వదిలితే చూసి నేర్చుకుంటాయని ఎవరో ఒకరు చెబుతారు. నేర్చుకుంటాయి, నిజమే. కానీ కోళ్ల పేగుల్లోని నులిపురుగు గుడ్లతో బ్లాక్‌హెడ్ జబ్బు అంటుకుంటుంది. కోడి బాగానే తిరుగుతుంది, టర్కీ మాత్రం గంధకం రంగులో పారుకుని చస్తుంది. మీ నాటుకోళ్లు తిరిగే దొడ్డి వైపు వీటిని అసలు పోనివ్వకు. కొక్కెర తెగులుకు, మశూచికి టీకాలు ఎప్పుడు వేయించాలో పశువుల డాక్టరును ముందే అడుగు.

పెద్దయ్యాక పెద్ద బాధ లేదు, ఆకుకూరలు బాగా మేస్తాయి. ఎగిరి గోడ దాటకుండా ఒకవైపు రెక్క ఈకలు కత్తిరిస్తే చాలు.

కోసే ముందు 12 గంటలు దాణా ఆపి నీళ్లు మాత్రమే పెట్టు. మాంసాన్ని ఒకరోజు ఫ్రిజ్‌లో ఉంచాకే వండు. రొమ్ము భాగంలో కొవ్వు చాలా తక్కువ, మంట ఎక్కువైతే పీచులా ఎండిపోతుంది. తొడలు పులుసుకు బాగుంటాయి. అన్నట్టు, 7 కిలోల పుంజు మీ ఓవెన్‌లో పట్టదు. ముక్కలు చేయకుండా మొత్తంగా కాల్చాలన్న ముచ్చట ఉంటే పెట్టను కోయి, పుంజును ముక్కలు కొట్టించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ