సెల్‌బోర్న్ వికార్ల జాబితాలో ఉన్న గిల్బర్ట్ వైట్ ఎవరు?

ఇంగ్లండ్‌లోని సెల్‌బోర్న్ అనే ఊరి వికార్ల, అంటే చర్చి పాదిరీల, జాబితాలో గిల్బర్ట్ వైట్ పేరు 1728తో ఆగిపోయింది, ప్రకృతి పరిశీలకుడు వైట్ పోయింది 1793లో కదా, ఏది తప్పు అని అడిగారు. రెండూ సరైనవేనండీ. జాబితాలో ఉన్నది తాతగారు. ఆయన పేరే మనవడికి పెట్టారు. మనవడు 1720లో ఆ వికార్ ఇంట్లోనే పుట్టారు.

కానీ ఆయన ఆ ఊరికి ఎన్నడూ వికార్ కాలేదు. హాంప్‌షైర్‌లోని ఆ చర్చికి వికార్‌ను నియమించే హక్కు ఆక్స్‌ఫర్డ్‌లోని మాడ్లిన్ కాలేజీది. ఈయనేమో మరో కాలేజీకి, ఓరియల్‌కు, ఫెలో, అంటే సభ్యుడు. అందుకే క్యూరేట్‌గా, అంటే వికార్‌కు బదులు పనిచేసే సహాయకుడిగానే ఉండిపోయారు.

పదవి దక్కకపోతేనేం, ఆ ఊరిని ఆయనలా చూసినవారు లేరు! ఒకేలా కనిపించే మూడు చిన్న పిట్టలను కూతను బట్టి మూడు జాతులుగా గుర్తించారు. వానపాములు లేకపోతే నేల గట్టిపడి గొడ్డుబోతుందని 1777లోనే రాశారు.

సమాధి కోసం పెద్ద రాయిని వెతకకండి. చిన్న రాతిమీద జి.డబ్ల్యు. అన్న పొడి అక్షరాలు, 1793 జూన్ 26 అన్న తేదీ ఉంటాయి, అంతే.

ఇంకొకటి: ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అంటార్కిటికాలో మరణించిన అన్వేషకుడు లారెన్స్ ఓట్స్ జ్ఞాపకాలూ అక్కడే ప్రదర్శిస్తారు. అది చూసి ఓట్స్‌ను ఆ ఊరి ప్రముఖుల్లో చేర్చకండి.