జీఎన్‌ఎం తర్వాత పోస్ట్ బేసిక్: చేరేముందు ఏ ఉద్యోగమో తేల్చుకో

ప్రశ్న: జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తయి మూడేళ్లయింది. హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేస్తున్నాను, జీతం 17 వేలు. వయసు 25. పోస్ట్ బేసిక్ బీఎస్సీ (జీఎన్‌ఎం వాళ్లు చేసే రెండేళ్ల డిగ్రీ) చేసెయ్, ఆపైన ఎంఎస్సీ కూడా చేస్తే లైఫ్ సెట్ అంటున్నారు తోటివాళ్లు. నాన్న అర ఎకరం అమ్మైనా చదివిస్తానంటున్నాడు. చేయమంటారా సార్?
– పరకాల నుంచి ఒక స్టాఫ్ నర్సు

బిడ్డా, భూమి జోలికి ఇప్పుడే పోవద్దని నాన్నకు చెప్పు. చదువు వద్దని కాదు. ఏ ఉద్యోగం కోసం చదవాలనుకుంటున్నావో నువ్వు రాసినదాంట్లో ఎక్కడా లేదు, 'లైఫ్ సెట్' అనే పోస్టుకు ఇప్పటిదాకా ఏ బోర్డూ నోటిఫికేషన్ ఇవ్వలేదు.

వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రిలోనో, ఏదో ఒక ఏరియా ఆసుపత్రిలోనో సర్కారు స్టాఫ్ నర్సు కావాలన్నదే నీ మనసులో ఉంటే, 2024 సెప్టెంబర్‌లో మన తెలంగాణ మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2,050 నర్సు పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్ తీసి ఒకసారి నిదానంగా చదువు. అర్హత జీఎన్‌ఎం లేదా బీఎస్సీ నర్సింగ్. జీతం స్కేలు ఇద్దరికీ ఒకటే, 36,750 నుంచి 1,06,990. 80 మార్కులు పరీక్షకు, మిగతా 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ మీద చేసిన సర్వీసుకు. ఆరు నెలలకు 2 పాయింట్లు, అదే గిరిజన ప్రాంతంలో చేస్తే 2.5. పోస్ట్ బేసిక్ చేసినందుకు అర మార్కు కూడా లేదు. అంటే గిరిజన ప్రాంతమైన ఏటూరునాగారం వైపు ఒక కాంట్రాక్టు పోస్టు దొరికితే అక్కడ గడిపిన ఏడాది, కాలేజీలో గడిపిన రెండేళ్లకన్నా ఎక్కువ పనికొస్తుంది. ఊరు దూరమని ఇంట్లో గొణుగుతారు, గొణగనీ.

ఎయిమ్స్ సంగతి కూడా చూడు. ఎయిమ్స్‌లో నర్సు ఉద్యోగాలకు పెట్టే నార్‌సెట్ పరీక్ష జీఎన్‌ఎం వాళ్లు రాయాలంటే కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి, బీఎస్సీ వాళ్లకు ఆ షరతు లేదు. నీకు మూడేళ్లు ఉంది కాబట్టి మీ ఆసుపత్రికి 50 పడకలుంటే ఇవ్వాళే అర్హురాలివి. మూల వేతనమే 44,900. అక్కడ జనరల్‌కు వయసు 30 దాటకూడదు (బీసీ, ఎస్సీ, ఎస్టీలకు సడలింపు ఉంది), 2024 నోటిఫికేషన్‌లో మన రాష్ట్ర పోస్టులకు మాత్రం 46 దాకా ఇచ్చారు. అందుకే ముందు ఎయిమ్స్ మీద పడు.

ఇక్కడ చాలామంది దెబ్బ తినేది చదువు దగ్గర కాదు, అనుభవం సర్టిఫికెట్ దగ్గర. చేరిన తేదీ, నువ్వు పనిచేసే విభాగం, ఆసుపత్రి పడకల సంఖ్య, సంతకం, ముద్ర, ఇవన్నీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. 'ఈమె మా దగ్గర పనిచేసింది, ప్రవర్తన బాగుంది' అని రెండు లైన్లు రాసిస్తే అది వెరిఫికేషన్‌లో నిలబడదు. జీతం చేతికిస్తుంటే ఈ నెల నుంచే బ్యాంకులో వేయమని అడుగు, అది కూడా రుజువే. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టుకున్నారా? ఉద్యోగం మానేముందు కాదు, ఇప్పుడే వెనక్కి తెచ్చుకో.

మరి పోస్ట్ బేసిక్ ఎవరికి? పాఠాలు చెప్పాలని నిజంగా ఇష్టమున్నవాళ్లకు. నర్సింగ్ కాలేజీలో ట్యూటర్ కావాలన్నా, ఎంఎస్సీలో చేరాలన్నా ఆ మెట్టు ఎక్కాల్సిందే. పోస్ట్ బేసిక్ రెండేళ్లు, ఎంఎస్సీ ఇంకో రెండేళ్లు, దానికి 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం అడుగుతారు. ఎంఎస్సీ చేసినవాళ్లలో ఎక్కువమంది వార్డు వదిలి క్లాస్‌రూమ్‌కు పోతారు. వెంటిలేటర్ పక్కన పని చేయడమే నీకు నచ్చితే ఆ మార్పు నచ్చకపోవచ్చు. ఐసీయూ పని మీదే క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ అని పీజీ కోర్సు ఉంది, కోర్సు మంచిదే కానీ ఆ పేరుతో పోస్టులు మన దగ్గర ఇంకా అంతగా రాలేదు.

ఖర్చు లెక్క వేసేటప్పుడు ఫీజు ఒక్కటే రాసుకుంటారు. ఉద్యోగం మానితే రెండేళ్లలో పోయే జీతం నీ లెక్కనే 4,08,000. దానిమీద ఫీజు, హాస్టలు. సర్కారు ఉద్యోగం వచ్చాక జీతం తీసుకుంటూ నేర్చుకునే దారులు కూడా కొన్ని ఉన్నాయి, 18 నెలల మిడ్‌వైఫరీ (ప్రసవాలు చేయించే) శిక్షణ అలాంటిదే, 2017లో మన కరీంనగర్‌లోనే మొదలైంది.

విదేశాల ఆలోచన ఉంటే లెక్క వేరు. జర్మనీ జీఎన్‌ఎం వాళ్లను కూడా తీసుకుంటుంది, అక్కడ అడ్డం పడేది డిగ్రీ కాదు, భాష. జర్మన్ భాషలో బీ2 అనే స్థాయి దాకా రావాలి, నైట్ డ్యూటీలు చేస్తూ దానికి ఏడాదికి పైనే పడుతుంది. ఏజెంట్ల చేతిలో లక్షలు పోయకుండా విదేశీ ఉద్యోగాలకు పంపే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో ముందు అడుగు.

నా మాట అడిగితే, ఏడాదిన్నర ఉద్యోగం వదలకుండా నార్‌సెట్‌కు చదువు, రాష్ట్ర నోటిఫికేషన్ వస్తే అదీ రాయి. ఆలోపు ఏదీ తగలకపోయి, జూనియర్లకు పని నేర్పించడంలో నీకు సంతోషం ఉందని అనిపిస్తే అప్పుడు కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో కన్వీనర్ (ప్రభుత్వ కోటా) సీటు కోసం చూడు. 'క్లాసులకు రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు' అనే కాలేజీలో మాత్రం చేరకు. రేపు విదేశీ నర్సింగ్ కౌన్సిల్ నీ క్లినికల్ గంటల (ఆసుపత్రిలో చేసిన శిక్షణ) లెక్క అడిగితే ఆ కాలేజీవాళ్లు ఫోన్ కూడా ఎత్తరు.