కరివేపాకు చిగుళ్లకు బంక పట్టిందా? ముందు కోత, తర్వాతే మందు

ప్రశ్న: నాలుగేళ్ల కరివేపాకు తోట ఎకరం ఉంది. చిగుళ్లు ముడుచుకుపోయి, ఆకు జిగురుగా ఉండి, పైన నల్లటి మసి పట్టింది. మరో 20 రోజుల్లో కోత. మోనోక్రోటోఫాస్ కొట్టమంటున్నారు, కొట్టవచ్చా? మిగిలిన ఆకు ఎండబెడితే నల్లబడుతోంది, కారణమేమిటి?
– ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: కొట్టకండి. ఆ మందును కూరగాయ పంటలపై వాడకుండా ప్రభుత్వం ఎప్పుడో నిషేధించింది. పైగా అది ఆకులోపలికి ఇంకుతుంది, కడిగినా పోదు. కరివేపాకు నేరుగా పోపులోకి, పొడిలోకి, పచ్చడిలోకి వెళ్లే ఆకు. పసిపిల్లలకు అన్నంలో కలిపి పెట్టే ఆకు కూడా ఇదే. మన కరివేపాకులో మందుల అవశేషాలు దొరుకుతున్నాయనే ఐరోపా దేశాలు దీనిపై తనిఖీలు పెంచాయి.

మీ తోటలో ఉన్నది సిల్లా పురుగు. విచ్చుకోని లేత చిగురులోనే గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు రసం పీల్చి తేనెలాంటి బంక వదులుతాయి, మసి ఆ బంక మీద పెరిగే బూజు. అంటే పురుగుకు ఆధారం చిగురే. అందుకని 20 రోజులు ఆగకుండా ఇప్పుడే కోయండి. ముదురు రెమ్మలు ఏరి, మసి పోయేలా కడిగి అమ్ముకోండి. ముడుచుకున్న చిగుళ్లను గట్ల మీద వదలకుండా లోతుగా పాతిపెట్టండి.

అసలు కాపాడుకోవాల్సింది కోత తర్వాత వచ్చే కొత్త చిగురును. అది అంగుళం పొడవు రాగానే 5 శాతం వేప గింజల కషాయం పిచికారీ చేయండి. ఎకరాకు 10 కిలోల వేప గింజల పొడిని నీటిలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, 200 లీటర్లకు చేసి, 200 గ్రాముల సబ్బు పొడి కలపాలి. సాయంత్రం పూట, చిగురు లోపలికీ ఆకు అడుగుకూ తగిలేలా కొట్టాలి. పది రోజులకు మరోసారి. తర్వాతి కోతకు రెండున్నర, మూడు నెలలు పడుతుంది కాబట్టి ఆకు శుభ్రంగా ఉంటుంది. చెట్టుకు ఏడాదికి 20 కిలోల పశువుల ఎరువు వేసి, యూరియా తగ్గించండి. నత్రజని ఎక్కువైతే చిగురు మెత్తగా వచ్చి పురుగును పిలుస్తుంది. నిమ్మ, బత్తాయి తోటల పక్కన మాత్రం కరివేపాకు పెంచవద్దు. వాటికి గ్రీనింగ్ తెగులును మోసుకెళ్లేది ఈ సిల్లాయే.

ఇక ఎండబెట్టడం. తడి ఆకును గోతాల్లో కుక్కినా, మందంగా పోసినా వేడెక్కి నల్లబడుతుంది. నలిగిన ఆకైతే ఇంకా త్వరగా. ఎండలో వేస్తే రంగు వెలిసి, సువాసననిచ్చే నూనె ఎగిరిపోతుంది. కోసిన రోజే కడిగి, నీరు ఓడ్చి, రెమ్మల నుంచి దూసి, గాలి ఆడే నీడలో వలల మీద ఒక్క పొరగా పరవండి. చేత్తో నలిపితే గలగలమంటూ పొడి కావాలి. మెత్తగా వంగితే ఇంకా తేమ ఉన్నట్టే, డబ్బాలో బూజు పడుతుంది. ఆకులో దాదాపు మూడింట రెండు వంతులు నీరే, అందుకని దూసిన 10 కిలోల పచ్చి ఆకుకు మూడున్నర, నాలుగు కిలోలకు మించి ఎండాకు రాదు. ధర మాట్లాడుకునేటప్పుడు ఈ లెక్క చూసుకోండి.

ఈ ఆకులో కాల్షియం, బీటా కెరోటిన్ బాగా ఉంటాయి, అవి చెప్పి అమ్మండి. "షుగర్ తగ్గిస్తుంది" అని మాత్రం ప్యాకెట్ మీద రాయవద్దు. అది నమ్మి ఎవరైనా మాత్రలు మానేస్తే ప్రమాదం.